జిన్‌లో చిటికెడు ఉప్పు

ఎండాకాలంలో జిన్ కలపడం గురించి నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. నా స్నేహితులు వాటిని చాదస్తం అంటారు. సిటీలో మందుల దుకాణంలో సీసాలు తుడుచుకునే మనిషికి, అందులోనూ ఇంకా ముప్పై నిండనివాడికి, పట్టింపులేమిటని వాళ్ల బాధ. అయినా ఆదివారం సాయంత్రం మేడమీద కూర్చుంటే గ్లాసులన్నీ నా ముందుకే తోస్తారు.

గ్లాసు పల్చగా ఉండాలి. కలపబోయే ముందు దానికి తడిగుడ్డ చుట్టి కాసేపు గాలికి పెట్టాలి. ఐసు ఉంటే మంచిదే. లేని ఊళ్లో నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు మట్టి సురాయిలో చల్లబడ్డ సోడా చాలు. ముందు జిన్, తర్వాత టానిక్ నీళ్లు, అవి కూడా గ్లాసును కొంచెం వంచి అంచు వెంబడి పోయాలి. నిమ్మకాయ పిండొద్దు, తొక్క చీలిక ఒకటి వేస్తే చాలని నాకు నేర్పినాయన అనేవాడు. నేను పిండుతాను. పుల్ల మామిడికాయ ముక్క దొరికితే అదీ వేస్తాను. ఆఖరున చిటికెడు ఉప్పు.

తగాదా అంతా ఈ ఉప్పు దగ్గరే.

"అరే, గిది జిన్‌రా, నిమ్మసోడా గాదు," అంటాడు ఒకడు.

"పచ్చిపులుసు గిట్ల చేస్తున్నవా?" అంటాడు ఇంకొకడు.

మా పాలమూరు జిల్లాలో ఎండనబడి వచ్చినవాడికి ఏది తాగనిచ్చినా అందులో ఉప్పు వేసే ఇస్తారని చెప్తాను. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది, అది వాళ్లకు చెప్పను. టానిక్ నీళ్లలో ఉండేది క్వినైన్, చలిజ్వరం మందు. క్వినైన్ కలిసిన గ్లాసును వాలుపొద్దుకు ఎత్తి చూస్తే అంచున సన్నగా, పొగలాగా, నీలం తేలుతుంది. నీళ్లకు ఏ రంగూ ఉండదు. అయినా లోపలి నుంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది. ఉప్పు పడితే ఆ నీలం ఆరిపోతుంది. ఎందుకు ఆరిపోతుందో మా దుకాణానికి వచ్చే ఒక సైన్సు మాస్టారు చెప్పాడు గాని నాకు సగమే ఎక్కింది. ఆ సగం అచ్చంపేటలో ఉన్నప్పుడే తెలిసుంటే బాగుండేది. తెలియకపోవడం వల్లనే బతికానేమో కూడా. ఈ రెండింటిలో ఏది సరైనదో ఇంకా తేల్చుకోలేదు.

పోలీసు చర్య అయిపోయిన తర్వాతి ఎండాకాలం నేను అచ్చంపేట దవాఖానలో కాంపౌండరును. డాక్టరు సాబు ఎప్పుడో ఒకసారి బస్సు దిగి, జనాన్ని చూసి భయపడి, అదే బస్సెక్కి పోయేవాడు. మిగిలింది నేను, ఒక బల్ల, బల్ల మీద కూర్చుని వణికే మనుషులు. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. తుపాకులు పట్టి నల్లమలలోకి పోయిన సంఘంవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. వాళ్లను వెతకడానికి కొత్త సర్కారు ఒక పోలీసు ఆఫీసరును పంపింది. ఆయన ఊరి చివరి ప్రయాణికుల బంగళాలో దిగాడు.

ఆ అడవిలో మా అన్న ఉన్నాడు.

మాది గొర్లు కాచే ఇల్లు. మా మందలోంచి రజాకార్లు పొట్టేళ్లను తోలుకుపోయిన ఏడు, వాటిని అడగడానికి పోయిన అన్న దెబ్బలు తిని వచ్చాడు. ఆ మీద సంఘంలోకి పోయాడు. నేను దవాఖానలోకి పోయాను. ఒక ఇంట్లో ఒక వీరుడు చాలని నా అభిప్రాయం. ఎవరైనా అడిగితే అన్న బొంబాయి మిల్లులో పనికి పోయాడని చెప్పేవాళ్లం. పాలమూరు నుంచి బొంబాయికి పోవడం కొత్తేమీ కాదు కనుక ఎవరూ రెండోసారి అడగలేదు.

ఉగాది దాటాక అమ్మ ఒకరోజు మజ్జిగకుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. బంగళాకు మజ్జిగ పోసేది ఆమే. దవాఖాన అరుగు మీద కుండ దించి, ఎవరూ లేరని చూసి, చెప్పింది.

"మీ అన్నకు సలిజరం పట్టింది. రోజు తప్పిచ్చి రోజొస్తాంది. నిలవడితె కాళ్లు అదురుతున్నయట."

"ఎవలు జెప్పిండ్రు?"

"నీకెందుకు? నువ్వు సర్కారోనివి. మందియ్యి."

మందు నా దగ్గర లేదు. సమస్య అంతా అదే. అడవికి మందులు పోతున్నాయని అనుమానం వచ్చి ఆఫీసరు దవాఖానలో ఉన్న క్వినైన్ డబ్బాను బంగళాకు తెప్పించుకున్నాడు. అది ఆయన మంచం కింద ఉండేది. జ్వరం వచ్చినవాళ్లకు పొద్దున పూట బంగళా ముందు ఒక జవాను నిలబడి మందు నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూసి, అప్పుడు పంపేవాడు. నాలుక కింద దాచుకునే తెలివి మా జనానికి అంతకుముందు లేదు. వాళ్లకు ఆ ఆలోచన ఇచ్చింది ఆ జవానే.

ఆఫీసరు కోస్తా మనిషి. కోప్పడేవాడు కాదు. చేతిలో ఎప్పుడూ ఏదో పుస్తకం ఉండేది. ఆయన వచ్చిన మద్రాసు రాష్ట్రంలో అప్పుడే మద్యనిషేధం పెట్టారు. మా అడవికి అంత ఉత్సాహంగా రావడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. జిన్ సీసాలు మిలిటరీ లారీలో వచ్చేవి. టానిక్ నీళ్ల సీసాలూ వచ్చేవి గాని కంకర రోడ్డు మీద, ఆ ఎండకు, సగం దారిలోనే పగిలిపోయేవి. ఒక సాయంత్రం నన్ను పిలిపించాడు.

"ఏవయ్యా కాంపౌండరూ, క్వినైను, పంచదార, నిమ్మరసం పెట్టి పాకంలా కాచి ఇవ్వగలవా? నేను సోడాలో కలుపుకుంటాను."

"కాస్త సార్."

"కాస్త అంటే కాస్తావనా, కొద్దిగా అనా?"

"మస్తుగ కాస్త సార్."

ఆయన నవ్వాడు. "మీ భాష సగం అర్థం కాదయ్యా నాకు. అర్థమైన సగం నమ్మబుద్ధి కాదు."

"మాక్కూడ మీతోటి గట్లనే ఉన్నది సార్," అన్నాను. నా నోటికి ఎప్పుడూ కాపలా లేదు. ఆయన మళ్లీ నవ్వాడు. అట్లా నాకు ఆ కొలువు వచ్చింది.

పాకానికని డబ్బాలోంచి క్వినైన్ ఆయనే కొలిచి ఇచ్చేవాడు. అడవికి గింజ కూడా పోవద్దని మంచం కింద పెట్టుకున్న మందు తన గ్లాసులోకి మాత్రం ధారాళంగా పోసేవాడు. మొదటిరోజు నిజాయితీగానే కాచాను. సాయంత్రం వరండాలో తడిపిన వట్టివేళ్ల తడికెల వెనక కూర్చుని, గ్లాసు కలిపించుకుని, తడికె పక్కకు జరిపి పొద్దుకు ఎత్తి చూపించాడు.

"ఇదిగో ఈ నీలం చూశావా? ఇది కనపడితేనే అసలు సరుకు. దీనికోసమే నేను తాగేది. మిగతాదంతా వంక."

చూశాను. గ్లాసు అంచున సన్నటి నీలం. నాకు ఎందుకో మా అన్న పెదవులు గుర్తొచ్చాయి, చలి మొదలయ్యే ముందు అవి ఆ రంగుకే తిరుగుతాయి. దవాఖాన బల్ల మీద రోజూ చూసే రంగే. అది గ్లాసులో కనపడటం మాత్రం అదే మొదలు.

మరునాడు అమ్మతో అన్నాను. "అడవిల నేలవేము దొరుకుతదా?"

"దొరుకకేం, అడుగు బెడితె నేలవేమే. ఎందుకు?"

చెప్పాను. నేలవేము కన్నా చేదు ఈ భూమ్మీద లేదు. పాకంలో చేదు కోసం దాని కషాయం, రంగు కలిసిపోవడానికి కాస్త మాడ్చిన చక్కెర, నీలం కోసం చిటికెడు క్వినైన్. మిగిలిందంతా పొట్లం.

అమ్మ విని మజ్జిగకుండ మూత సర్దింది. ఏదో గొప్ప మాట అంటుందనుకున్నాను.

"పైసలు పెట్టి చేదు తాగుడేందిరా?" అంది. "గీళ్లకు పెండ్లాలు లేరా?"

అట్లా మొదలైంది. అమ్మ నేలవేము కట్ట తెచ్చేది, పొట్లం తీసుకుపోయేది. నెత్తిమీద కుండ కింద పెట్టుకునే చుట్టబట్ట మడతలో ఆ పొట్లం దాగిపోయేది. వారం తిరిగేసరికి కబురు చెప్పింది. "జరం నిలిచింది. నిన్న సంగటి తిన్నడట." ఆ సాయంత్రం ఆఫీసరు గ్లాసు చప్పరించి, కళ్లు మూసుకుని, "అబ్బ! ఈసారి చేదు భలే కుదిరిందయ్యా. నీ చేతిలో ఏదో ఉంది," అన్నాడు. నా చేతిలో ఉన్నదేమిటో నాకు తెలుసు కనుక చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

రోజూ ఆయన గ్లాసు ఎత్తేవాడు. చిటికెడు క్వినైనే అయినా నీలం తేలేది. పొద్దు ఆ గ్లాసులోంచి దూరి వరండా గోడ మీద పడేది. గోడ అవతల అడవి. అడవికీ మా అన్నకూ మధ్య ఇంకేమీ అడ్డం లేదని, ఆ నీలమే అటూ ఇటూ తిరుగుతోందని అనిపించేది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఉంటే దవాఖానకే వస్తాయి, బల్ల మీద చోటు లేక తిరిగిపోతాయి. అయినా ఆ వరండాలో వీపు గోడకు ఆనించే నిలబడేవాణ్ణి.

వైశాఖంలో ఎండ ముదిరింది. ఆఫీసరు తన మందిని తీసుకుని రెండు రోజులు అమ్రాబాద్ వైపు అడవిలోకి పోయాడు. మూడోనాడు పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది. కుర్చీలో కూలబడి, చేత్తో గ్లాసు సైగ చేశాడు.

ఎండనబడి వచ్చిన మనిషి. నా చెయ్యి దానంతట అదే ఉప్పు గిన్నెలోకి పోయింది. ఆలోచించి వేసింది కాదు. మా ఇంట్లో మంద వెనక పోయి వచ్చినవాడికి నీళ్లిచ్చినా మా చేతులు అట్లాగే పోతాయి. జిన్, పాకం, సోడా, పెద్ద చిటికెడు ఉప్పు. అందించాను.

ఆయన తడికె జరిపి గ్లాసు ఎత్తాడు. తిప్పాడు. మళ్లీ ఎత్తాడు.

"నీలం ఏదయ్యా?"

నేను చూశాను. లేదు. ఉత్త పాకం నీళ్లలాగా ఉంది గ్లాసు. చిటికెడు క్వినైన్ వేశాను, నాకు బాగా గుర్తు. ఎక్కడికి పోయిందో నాకూ తెలియదు.

"మబ్బు పట్టిందేమో సార్," అన్నాను. ఆకాశంలో మబ్బన్నమాట లేదు.

ఆయన నన్ను చూశాడు. లేచి లోపలికి పోయి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీ పాకం వద్దు. నా ముందర మళ్లీ కలుపు."

జిన్ పోశాను. పాకం లేదు కనుక నిమ్మకాయ పిండాను. క్వినైన్ ఆయనే చెంచాతో వేశాడు, చలిజ్వరం రోగికి కూడా వేయనంత. సోడా పోశాను. నా చెయ్యి మళ్లీ ఉప్పు వేసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఉప్పును ఎవరు అనుమానిస్తారు?

గ్లాసు ఎత్తాడు. నీలం లేదు.

ఆయన డబ్బా మూత తీసి వాసన చూశాడు. నాలుకకు అంటించుకున్నాడు. "చేదుంది," అన్నాడు తనలో తను. "చేదు ఉండి నీలం లేదంటే..." డబ్బాను నా వైపు తోశాడు. "చచ్చిపోయిందయ్యా ఇది. ఈ ఎండకు పాడైపోయింది. ఇన్నాళ్లూ ఈ బూడిదనా జనం చేత మింగించాం? తీసుకెళ్లి గొయ్యి తీసి పూడ్చెయ్యి. కొత్తది తెప్పిస్తాను."

ఇంకా సగానికి పైనే ఉన్న డబ్బా. అన్నకే కాదు, వానాకాలం మొత్తానికి వాళ్లందరికీ సరిపోతుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. నవ్వొచ్చేట్టుంది, నవ్వితే ప్రాణం పోతుంది. అట్లాంటి స్థితిలో మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆయనకు మాత్రం అది దిగులులాగా కనపడి ఉంటుంది, ఎందుకంటే నన్ను కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

చచ్చిపోయిందన్న క్వినైన్‌నే గుక్క తాగి, అడవి వైపు చూస్తూ అన్నాడు.

"ఇవాళ ఒకడు దొరికాడు. మిగతావాళ్లు పరిగెత్తారు. వాడు పరిగెత్తలేదు. చెట్టుకు ఆనుకుని వణుకుతూ కూర్చున్నాడు. జ్వరం."

నా చేతుల్లో డబ్బా ఉంది.

"నేను పోవాల్నా సార్, మందు పట్టుకొని?" అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది. దానికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

"ఇక అక్కర్లేదులే," అన్నాడు ఆయన.

ఎట్లా ఉంటాడని అడగలేదు. బొంబాయి మిల్లులో పనిచేసే అన్న ఉన్నవాడు అట్లాంటివి అడగడు. శవాన్ని అక్కడే కాల్చేశారని జవాన్లు నూతి దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. అడవిలో జ్వరం వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు. మా అన్నకు నిలిచిపోయింది కూడా, సంగటి తిన్నాడు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు చేసుకున్నా సరిగానే వచ్చేది. సరిగా వచ్చిన ప్రతిసారీ మళ్లీ చేసేవాణ్ణి.

పొద్దున అమ్మ వచ్చింది. డబ్బా ఇచ్చాను.

"గింతనా?" అంది కళ్లు పెద్దవి చేసి. "జీతం బదులు ఇచ్చిండా ఏంది?"

"పారెయ్యమన్నడు."

"మంచోడేరా పాపం," అంది. బట్టలో కట్టి, కుండలో పెట్టి, పైన మజ్జిగ పోసుకుంది. ఆఫీసరు చెప్పిన మాట ఆమెకు చెప్పలేదు. చెప్తే ఆ దారంతా దాన్ని కూడా మోసుకుపోవాలి, ఆమె నెత్తిన అప్పటికే కుండ ఉంది.

తర్వాతి రోజుల్లో నేను మామూలుగానే ఉన్నాను. బల్ల మీద కూర్చున్నవాళ్లతో జోకులు వేశాను. ఒక ముసలాయన చలి మొదలై పళ్లు కొట్టుకుంటుంటే పక్కనున్న చెట్టుకు ఆనుకున్నాడు. ఆయన్ను లోపలికి తెచ్చి గోడ మూలకు కూర్చోబెట్టాను. "చెట్టు కిందనే సల్లగున్నది గద కొడుకా," అని ఆయన గునిశాడు. నాకు అప్పటి నుంచీ, ఒంట్లో బాగాలేని మనిషి ఎవరైనా చెట్టుకు ఆనుకుంటే చూస్తూ ఉండటం చేతకాదు. సిటీలో ఇది నాకు పెద్ద ఇబ్బంది. నాంపల్లి దవాఖాన ముందు చెట్లు చాలా ఉన్నాయి.

అమ్మ వచ్చేసరికి వారం దాటింది. ఎప్పటిలాగే అరుగు మీద కుండ దించింది. మజ్జిగ గిన్నెలోకి వంచేసి, అడుగు నుంచి బట్టకట్ట తీసి, తుడిచి, నా ముందు పెట్టింది. డబ్బా. మూతకు నేను చుట్టిన దారం ముడి అట్లాగే ఉంది.

"ఎవలు తీసుకోలేదా?"

"ఉన్నోళ్లు జాగా మార్చిండ్రు. ఎటు వోయిండ్రో."

"అన్న?"

అమ్మ కొంగుతో కుండ అంచు తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"మజ్జిగ తాగుతవా?" అంది.

"అమ్మా."

"గా డబ్బ నీ తాననే వెట్టుకో. ఎవలకన్న జరమొస్తె ఇయ్యి." గిన్నెలో మజ్జిగ పోసి ఇచ్చింది. ఉప్పు వేసింది. "తాగు. అంత ఎండల వడి వచ్చినట్టే ఉన్నవు."

తాగాను. ఆమె నన్ను అడగలేదు, నాకు ఎప్పటి నుంచి తెలుసునని. ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేనూ అడగలేదు. లేచి, చుట్టబట్ట దులుపుకుని, బంగళాకు మజ్జిగ పోయడానికి పోయింది. సారుకు ఇవాళ పలచగా పోస్తానని మాత్రం పోతూ పోతూ అంది.

ఆమె ఆ రోజు నేలవేము తేలేదు. తేవడానికి కారణం లేదు.

సాయంత్రానికి కొత్త క్వినైన్ డబ్బా మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఆఫీసరు ఎప్పటిలాగే కొలిచి ఇచ్చాడు. పొట్లం కట్టే పని లేదు కనుక మొత్తం పాకంలోనే వేశాను. ఎండాకాలం మొత్తంలో, మొదటిరోజు తర్వాత, ఆయనకు నేను నిజాయితీగా కాచిన పాకం అదొక్కటే. ఆయన రోజంతా నీడనే ఉన్నాడు కనుక చెయ్యి ఉప్పు వైపు పోలేదు.

తడికె జరిపి ఎత్తాడు. నీలం అంచున కాదు, గ్లాసు సగం దాకా తేలింది. అంత నీలం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

"వచ్చిందయ్యా!" అన్నాడు పిల్లవాడిలాగా. "చూడు, చూడు! కొత్త సరుకంటే ఇదీ."

చూశాను. ఆయన ఒక గుక్క తాగి, చప్పరించి, మొహం కాస్త ముడిచాడు.

"నీలం బానే ఉంది గాని, చేదు తగ్గిందేవిటయ్యా?"

"తగ్గిందా సార్?"

"బాగా తగ్గింది. పాతదే నయం. రేపటి నుంచి మునుపటిలాగే చెయ్యి."

"గట్లనే సార్," అన్నాను.